పదమూడు ఖాళీ గళ్ళు

(‘ఘాటు’ నవల – పద్నాలుగో వారం)

పోయినవారం సిద్దికాని వంటింటి గడప మీద వదిలేసి వచ్చాం. పరుపులు కుట్టే తన మొగుడు అయూబ్ ఏ జబ్బుతో పోయాడో, అది తనకీ ఎలా అంటిందో, పెళ్ళయిన పన్నెండేళ్ళకి ఆ సాయంత్రం ఆమె అత్త సర్దార్‌బీకి నోరు విప్పి చెప్పేసింది. హెచ్ఐవీ అన్న మాట ఆ ఇంట్లో అంతకు ముందు ఎవరూ పలికి ఎరగరు. సర్దార్‌బీ ఏడవలేదు, తిట్టలేదు. కొడుకు వదిలిపోయిన దూది ఏకే విల్లుని గోడ మీంచి దించి, కొంగుతో దుమ్ము తుడిచి, మళ్ళీ అదే మేకుకి తగిలించి ముసుగు తన్ని పడుకుంది. “రేపు నాతో ఆసుపత్రికి వస్తావా అత్తా?” అన్న ప్రశ్న అలాగే గాల్లో ఉండిపోయింది.

పొద్దున సిద్దికా లేచేసరికి అత్త మంచం ఖాళీ. పదేళ్ళ కూతురు జమీలాని బడికి పంపి, ఒక్కతే బయల్దేరింది.

ఆమెకి కావలసిందల్లా ఒక్క వాక్యం. రెండేళ్ళ కిందటి ఆరు నెలల టీబీ కోర్సు పూర్తిగా వాడింది అని ఒక కాగితం మీద ఒక్క వాక్యం, కింద ఒక సంతకం. గుంటూరులో హెచ్ఐవీ మందులిచ్చే చోట కౌన్సెలరమ్మ మొహమాటం లేకుండా చెప్పింది. “ఈ మందులు బతికినంత కాలం వాడాలమ్మా. ఆరు నెలలే మింగలేనివాళ్ళకి జీవితాంతం మింగే మందులు మొదలుపెట్టి ఏం లాభం? మీ ఊరి నుంచి టీబీ కాగితం పట్రా, అప్పుడు చూద్దాం.” ఆ వాక్యం ఉంటే మందులు మొదలవుతాయి. లేకపోతే లేదు. లేకపోతే ఏమవుతుందో అయూబ్‌ని చూసిన కళ్ళకి ఎవరూ వేరే చెప్పక్కర్లేదు.

అది రెండు వేల ఎనిమిది ఫిబ్రవరి నెల. గోగులవారిపాలెం చుట్టూ కల్లాలన్నీ ఎర్రగా ఉన్నాయి. మిరపకాయలు ఎండే కాలంలో మా వైపు దగ్గుకి విలువ లేదండీ. కరణంగారు దగ్గుతాడు, పూజారి మంత్రం మధ్యలో దగ్గుతాడు, పెళ్ళిచూపుల్లో పెళ్ళికూతురు దగ్గినా ఎవరూ కట్నం తగ్గించరు. “మిరప ఘాటు” అంటారు, మంచినీళ్ళు తాగుతారు, పనిలో పడతారు. సిద్దికా కూడా అలాగే అనుకుంది. జనవరిలో మొదలైన దగ్గుని నెల రోజులు ఘాటు ఖాతాలో వేసుకుని తొడిమలు తీస్తూ కూచుంది. ఎండు మిరపలో పుట్టి పెరిగినవాళ్ళు తప్ప ఇంకెవరూ అంత హాయిగా మోసపోలేరు. తీరా కళ్లె పరీక్ష చేస్తే మళ్ళీ టీబీ అని తేలింది.

ఆరోగ్య కేంద్రం వరండాలో బల్ల వేసుకుని కూచున్నాడు టీబీ సూపర్‌వైజరు శ్యామ్ సుందర్. ప్రతి మంగళవారం వస్తాడు. చెడ్డవాడు కాదు. పద్దెనిమిది ఊళ్ళు ఒక్క మోటారుసైకిలు మీద తిరిగి, కాస్త ఒళ్ళు కుదుటపడగానే మందులు మానేసేవాళ్ళ గడప గడపకీ వెళ్ళి బతిమాలి, చివరికి మనిషి మాట మీద నమ్మకం పోగొట్టుకున్నవాడు. ఆయన పక్కన స్టూలు మీద అంగన్‌వాడీ టీచరు ఎలీసమ్మ, ఒళ్ళో చేతిసంచి, బుగ్గన కరక్కాయ ముక్క. సిద్దికా పేరు రాసిన మందుల పెట్టె ఆ ఆరు నెలలూ ఎలీసమ్మ దగ్గరే ఉండేది. ఎదురుగా నిలబెట్టి మాత్రలు మింగించి కార్డులో గడి నింపడం ఆమె పని.

“ఆరు నెలలు మింగినవాళ్ళకి మళ్ళీ రాదమ్మా,” అన్నాడు శ్యామ్ సుందర్ కార్డు మీంచి తల ఎత్తకుండా. “వచ్చిందంటే మింగలేదనే అర్థం.”

“మింగాను సార్.”

“అందరూ అదే అంటారు.”

“అందరి సంగతీ నాకెందుకండీ? నా సంగతి నేను చెప్తున్నా. ఒక్క మాత్ర కూడా వదల్లేదు.”

ఆయన కార్డుని ఆమె వైపు తిప్పాడు. గళ్ళు గళ్ళుగా ఉన్న పచ్చ అట్ట. మొదటి వరసలో ఒకటే చేతిరాతతో సున్నాలా చుట్టిన గుర్తులు. రెండో వరసకి వచ్చేసరికి తెల్లగా, ఖాళీగా, వరసగా పదమూడు గళ్ళు. ఆ తరవాత మళ్ళీ గుర్తులు, కడదాకా.

“రెండు వేల అయిదు అక్టోబరు. నెల రోజులు. అదీ అసలైన మొదటి రెండు నెలల్లో. దీనికేం చెప్తావు?”

సిద్దికాకి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తరవాత అర్థమైంది.

“అది రంజాన్ నెల సార్. నేను రోజా ఉన్నా. పగలు మంచినీళ్ళు కూడా ముట్టం కదా. టీచరుగారిని అడిగితే వారానికి మూడు మోతాదుల చొప్పున మాత్రలు చేతికిచ్చారు. తెల్లారుజామున సహరీకి లేచినప్పుడు అన్నంతోపాటు మింగేదాన్ని.”

“జబ్బు మనిషివి, నీకు రోజా ఎందుకు? మీ మతంలోనే మినహాయింపు ఉందంటారు కదా?”

“ఉంది సార్. వీధిలో అందరూ ఉంటే నేనొక్కదాన్నీ ఉండకపోతే ఎందుకుండలేదని అడిగేవాళ్ళకి మాత్రం మినహాయింపు లేదు. టీబీ అని చెప్పాలి. టీబీ అంటే మీ ఆయన ఎలా పోయాడంటారు. అక్కణ్ణించి ఇంకో మాట.” ఆమె ఎలీసమ్మ వైపు తిరిగింది. “మీరు చెప్పండి టీచరమ్మా. ఖాళీ రేకులు వారం వారం తెచ్చి మీ చేతిలో పెట్టానా లేదా?”

ఎలీసమ్మ గొంతు సవరించుకుంది. ఆ గొంతు దసరా నుంచీ బొంగురుగానే ఉంది. చర్చిలో పాట ఎత్తుకునే మనిషి ఈ క్రిస్మస్‌కి పెదవులు మాత్రమే కదిపింది.

“తెచ్చిచ్చింది సార్. అన్ని రేకులూ ఇచ్చింది.”

“మరి గళ్ళెందుకు నింపలేదు?”

“రేకులు ఖాళీ అయినట్టు చూశాను. మాత్రలు గొంతు దిగినట్టు చూడలేదు. నా ఎదట మింగితేనే నింపాలని శిక్షణలో మీరే చెప్పారు. చూడనిదాన్ని చూశానని ఎలా రాయను? అబద్ధ సాక్ష్యం పలకొద్దని చిన్నప్పట్నుంచీ చదువుకున్నదాన్ని.”

చూశారా! ఊరంతా అబద్ధాలమయమని మనం గోల పెడతాం గానీ, ఒక్కోసారి నిజాయితీ కూడా మనిషి మెడకి ఉరితాడు పేనుతుంది. పాపం ఎలీసమ్మ ఎవరికీ చెడు తలపెట్టే మనిషి కాదు. తన చేతికి మచ్చ రాకుండా చూసుకుంది, అంతే. ఆ శుభ్రమైన చెయ్యి నింపని గళ్ళు ఇవాళ సిద్దికా ప్రాణాన్ని అడ్డగిస్తున్నాయి.

“అప్పుడే చెప్పొచ్చు కదా టీచరమ్మా, నింపలేదని? మా ఇంటికొచ్చి తెల్లారుజామున నిలబడి చూసుండొచ్చు కదా? నేను పిలిస్తే కాదనేవాళ్ళా?” సిద్దికా గొంతు లేచింది. “ఆర్నెల్లయ్యాక చప్పట్లు కొట్టారు. కోర్సు పూర్తయిందని మీ చేత్తోనే కేకు ముక్క పెట్టారు నాకు!”

ఎలీసమ్మ చేతిసంచిని ఒళ్ళోకి ఇంకా దగ్గరగా లాక్కుంది.

“సరేనమ్మా, గొడవొద్దు,” అంటూ శ్యామ్ సుందర్ కలం తీశాడు. “మందులు మళ్ళీ ఇస్తాం. ఈసారి రెండు నెలలు ఇంజక్షన్లు కూడా ఉంటాయి. గుంటూరు కాగితంలో మాత్రం ఉన్నది ఉన్నట్టు రాయాలి. క్రమం తప్పింది అని.” తరవాత వరండాలో కూచున్న జనాన్ని చూసి గొంతు తగ్గించాడు. “అసలే ఆ జబ్బున్నవాళ్ళు ఇంకా జాగ్రత్తగా…”

“ఏ జబ్బండీ?”

ఆయన ఉలిక్కిపడ్డాడు. సూదిమందు కోసం వచ్చిన ముసలమ్మలు, పసిపిల్లని ఎత్తుకున్న బాలింత, కాలికి కట్టు కట్టించుకుంటున్న పాలేరు, అందరూ ఇటు తిరిగారు.

“గుసగుసలెందుకు సార్? చాటుగా చెప్పీ చెప్పీ నా మొగుడు చచ్చాడు. నేనూ రెండున్నరేళ్ళు దాచుకున్నాను, మాత్రలు చాటుగా మింగాను, చాటుగా దగ్గాను. ఇవాళ ఆ చాటే నా గొంతు మీదికొచ్చింది. చెప్తా వినండి. నాకు హెచ్ఐవీ ఉంది. నేనెవర్నీ దోచుకోలేదు, ఎవరి కొంపా కూల్చలేదు. అందరాడవాళ్ళలాగే మొగుడితో కాపరం చేశా. దానికి తల దించుకోమంటే దించుకోను. మింగిన మాత్రని మింగలేదని రాస్తే ఊరుకోను. రాయండి చూద్దాం, ఆ కాగితం ఎలా బయటికెళ్తుందో నేనూ చూస్తా!”

బల్ల మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది.

గోలకి లోపలి గదిలోంచి డాక్టరు లిడియా బయటికి వచ్చింది. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. కార్డు తీసుకుని చూసింది, సిద్దికాని కూచోమంది.

“శ్యామ్ సుందర్‌గారూ, మింగితే మళ్ళీ రాదన్నది ఈమె విషయంలో కుదరదండీ. హెచ్ఐవీ ఉన్నవాళ్ళలో ఒంటికి కాపలా తక్కువ. కోర్సు అంతా సక్రమంగా వాడినా కొంతమందికి తిరిగి వస్తుంది. పాతదే మిగిలి ఉండి లేవొచ్చు. లేదా పాతది పూర్తిగా పోయి, బయటి నుంచి కొత్తది అంటుకోవచ్చు. అందుకే ఆ మందులు తొందరగా మొదలుకావాలి.”

“నాకు తెలుసు మేడమ్. కానీ ఈ పదమూడు? రేపు పైనుంచి తనిఖీకొస్తే నన్నడుగుతారు. చూసిన సాక్షి ఎవరని.”

డాక్టరమ్మ కార్డుని వెలుగుకి పట్టి మళ్ళీ చూసింది.

“నేను.”

మెట్ల దగ్గర సర్దార్‌బీ. చెప్పులు చేత్తో పట్టుకుని, నడిచి వచ్చిన ఆయాసంతో స్తంభాన్ని పట్టుకుని నిలబడి ఉంది. పొద్దున్నే లేచి కొడుకు సమాధి దగ్గరికి పోయిందట. అక్కడ వాడితో ఏం మాట్లాడిందో, వాణ్ణి ఏం తిట్టిందో మనకి తెలీదు. కళ్ళు మాత్రం ఉబ్బి ఉన్నాయి.

“నేను చూశా నాయనా.”

“ఏం చూశారు?” అన్నాడు శ్యామ్ సుందర్.

“ఆ రంజాన్‌లో సహరీకి మాత్రలేంటే అంటే బలానికి అత్తా అంది. బలానికేంటి, నా మొహం! కోడలు అబద్ధమాడితే పట్టుకోలేని దాన్ని అత్తనెలా అవుతాను? గమనిస్తూ కూచున్నా. మా దొడ్లో నీళ్ళు పోసుకునే రాయి ఉంది. ఉదయం నేను వెళ్ళేసరికి దాని మీద ఎర్రగా మరక. మూత్రం మరక బాబూ, సిగ్గేముందిలే, ఆసుపత్రే కదా. నారింజపండు రంగు. బూడిదేసి నేనే తోమేదాన్ని. తోమినప్పుడల్లా దీన్ని తిట్టేదాన్ని.”

డాక్టరు లిడియా, శ్యామ్ సుందర్ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఆ టీబీ మందు మింగిన కొద్ది గంటల్లో మూత్రం ఎర్రబడుతుందని ఆ వరండాలో వాళ్ళిద్దరికీ తెలుసు, మందు పెట్టె దగ్గరుంచుకున్న ఎలీసమ్మకి తెలుసు. సర్దార్‌బీకి ఎవరూ చెప్పలేదు.

శ్యామ్ సుందర్ అంత తేలిగ్గా లొంగే మనిషి కాదు. “మిరపకాయలు కడిగిన నీళ్ళేమో పెద్దమ్మా.”

“అక్టోబరులో మిరపకాయలెక్కడివయ్యా? అప్పటికి మొక్క మోకాలెత్తు కూడా ఎదగదు. రైతు బిడ్డవేనా నువ్వు?”

వరండాలో పాలేరు కిసుక్కున నవ్వాడు. శ్యామ్ సుందర్ చెవులు ఎర్రబడ్డాయి. కార్డుని తన వైపుకి తిప్పుకుని, ఎవరికీ కనపడకుండా చేత్తో మూసి, “రోజూ ఉండేదా ఆ మరక?” అన్నాడు.

“రోజూ అయితే జబ్బనుకునేదాన్ని. రోజు విడిచి రోజు. సోమవారం, బుధవారం, శుక్రవారం. మంగళవారం రాయి తెల్లగా ఉండేది. శుక్రవారం ఎందుకు బాగా గుర్తంటే, జుమ్మా నాడు కూడా నా చేత ఈ పని చేయిస్తున్నావు కదే అని శాపనార్థాలు పెట్టేదాన్ని. ఒక్క శుక్రవారమూ తప్పలేదు. నెలలో అయిదొచ్చాయి. అయిదుసార్లూ తిట్టా.”

శ్యామ్ సుందర్ చెయ్యి తీశాడు. ఖాళీ గళ్ళ పైన చిన్న అక్షరాలతో తేదీలున్నాయి. గోడ మీది పాత క్యాలెండర్లలోంచి రెండు వేల అయిదుది తీయించి వేలు పెట్టి చూసుకుంటూ పోయాడు. సోమవారాలు నాలుగు, బుధవారాలు నాలుగు, శుక్రవారాలు అయిదు. చివరికి వచ్చేసరికి వేలు నెమ్మదించింది.

ఆయన నమ్మకం పోగొట్టుకున్న మనిషి అన్నాను కదా. పోయిన వస్తువు ఎక్కడో దొరికినట్టు మొహం పెట్టాడు. కొత్త కాగితం తీసి రాశాడు. ‘ఆరు నెలల కోర్సు పూర్తిగా వాడినది. పదమూడు మోతాదులకు ఇంటి సాక్షి సర్దార్‌బీ. వ్యాధి తిరిగి వచ్చినది.’ డాక్టరమ్మ సంతకం పెట్టింది. సర్దార్‌బీ వేలిముద్ర వేసి, ఆ సిరా వేలుని కోడలి కొంగుకే తుడిచింది.

“రాత్రి ఒక్క మాటైనా అనలేదేం అత్తా?” అంది సిద్దికా.

“ఏమంటానే? కన్నవాడు చేసిన దానికి నిన్నేమని తిట్టను? తిట్టడానికి వాడి దగ్గరికే పోయొచ్చా.” ముసలామె కోడలి తల మీద చెయ్యి వేసి తీసేసింది. ఆ ఇంట్లో అంతకు మించిన ముద్దు ముచ్చట్లు ఎన్నడూ లేవు.

కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది సిద్దికా. గెలిచింది. వెళ్ళిపోవచ్చు. కానీ డాక్టరమ్మ అన్న మాట ఒకటి ఆమె చెవిలో మిగిలిపోయింది.

“అమ్మా, బయటి నుంచి కొత్తది అంటుకోవచ్చన్నారు. ఎవరి నుంచి?”

“దగ్గరగా మసిలేవాళ్ళెవరికైనా ఉండి, వాళ్ళు మందులు వాడకపోతే. గాలాడని గదిలో గంటలకొద్దీ కూచుంటే. నీ చుట్టూ అలా చాన్నాళ్ళుగా దగ్గుతున్నవాళ్ళున్నారా?”

సిద్దికా నవ్వబోయింది. కల్లాల కాలంలో దగ్గనివాళ్ళెవరు? కానీ దసరాకి కల్లాలెక్కడివి? దసరాకి చెట్టున ఎర్ర కాయే లేదు. ఈ మాట ఇప్పుడే అత్త చెప్పింది.

సాయంత్రాలు అంగన్‌వాడీ గదిలో ఎలీసమ్మ ప్రైవేటు చెప్పేది. జమీలా చదువుకునేది, సిద్దికా ఓ మూల కూచుని రేపటి పప్పులో రాళ్ళు ఏరిపెట్టేది. వానాకాలం జల్లు కొడుతుందని, కల్లాలు పడ్డాక ఘాటు వస్తుందని ఆ గదికి తలుపు వేసే ఉండేది. లోపల ఎలీసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కరక్కాయ చప్పరిస్తూ, లెక్కలు చెప్పేది.

బల్ల మీద కళ్లె పరీక్ష డబ్బాలు దొంతరగా ఉన్నాయి. సిద్దికా ఒకటి తీసుకుని ఎలీసమ్మ ముందుకి వెళ్ళి నిలబడింది.

“టీచరమ్మా, ఇందులో ఉమ్మండి. ఇప్పుడే, నా ఎదట. నేను చూస్తుండగా. చూడనిదాన్ని నేనూ నమ్మను.”

ఎలీసమ్మ డబ్బా అందుకోలేదు. ఒళ్ళోని చేతిసంచిలోంచి బైబిలు తీసింది. బైబిల్లోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసింది. గుంటూరు బ్రాడీపేటలో ఏదో లాబ్ వాళ్ళ కాగితం. దాన్ని డాక్టరమ్మకి కాకుండా సిద్దికా చేతికే ఇచ్చింది.

“డబ్బా అక్కర్లేదమ్మా. నాకు తెలిసి నెల దాటింది. ఎవరికీ చెప్పలేదు. మందులూ మొదలుపెట్టలేదు. పెడితే ఎవరో ఒకరు చూస్తారు. టీచరుకి టీబీ అంటే నా దగ్గరికి ఇంక పిల్లల్నెవరు పంపుతారు?” ఆమె గొంతు పూర్తిగా పోయింది. “అబద్ధం రాయలేదు నేను. నిజం దాచుకున్నాను. నీ నుంచి నాకొచ్చిందో, నా నుంచి నీకొచ్చిందో, దేవుడికే తెలియాలి.”

సిద్దికా ఆమె చెంప పగలగొడుతుందని వరండా అంతా ఎదురుచూసింది. కొట్టలేదు. దాచుకోవడం అంటే ఏమిటో ఆమెకి ఇంకొకళ్ళు చెప్పాలా? ఎలీసమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుని లేపి, డాక్టరమ్మ ముందు నిలబెట్టింది.

“ఈమెక్కూడా పెట్టె రాయండి సార్. ఇవాళే. ఈసారి మా ఇద్దరి గళ్ళూ ఒకళ్ళవి ఒకళ్ళం నింపుకుంటాం. ఒక్కటీ ఖాళీ ఉండదు.”

ఆ మాట పూర్తవుతుండగానే వెనక చప్పుడైంది. సర్దార్‌బీ చేతిలోంచి చెప్పులు జారి మెట్ల మీద పడ్డాయి. రాయి మీద మరకకి వారం పేరు చెప్పగలిగిన ఆ ముసలామె, ఉన్నట్టుండి ఏదో లెక్క తప్పినదానిలా, నోరు తెరుచుకుని నిలబడిపోయింది.

“ఏంటత్తా?”

“జమీలా…” అంది సర్దార్‌బీ. “పది రోజుల్నుంచీ పొద్దున్నే దగ్గుతోందే. మిరప ఘాటేలెమ్మనుకున్నా.”

సిద్దికా శ్యామ్ సుందర్ వైపు చెయ్యి చాపింది.

“ఇంకో డబ్బా ఇవ్వండి సార్.”